పాత పూల్ తీయడానికి తొమ్మిది రోజులు: మిర్యాలగూడ నుంచి ఒక సర్వీసు రివ్యూ

అయిదుకు నాలుగు స్టార్లు. ఆ ఒకటి ఎందుకు కోశానో చివర్లో చెప్తాను.

మా మిల్లు సర్వర్‌లో పాత స్టోరేజ్ పూల్ ఒకటి తీయించడానికి పిలిపించిన మనిషి గురించి ఇది. నల్లగొండలో క్లాక్ టవర్ దగ్గర చిన్న షాపు, ఆయన, ఇంకో కుర్రాడు. పేరు రాస్తానంటే వద్దన్నాడు. "ఉన్న పనికే టైం సరిపోతలేదక్కా, మీరు రాస్తే ఇగ నా ఫోన్ మోగుడే పనైతది" అన్నాడు. కాబట్టి పేరు, నంబరు లేని రివ్యూ. ఇట్లాంటి పనికి మనిషిని పిలిచే వాళ్ళు ఏం చూసుకోవాలో తెలుస్తుందని రాస్తున్నాను.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. పందొమ్మిదేళ్ళుగా ఇదే కుర్చీ. కంప్యూటర్ చదువు చదవలేదు. కానీ సర్వర్ గది తాళంచెవి నా డ్రాయర్‌లోనే ఉంటుంది, ఏదైనా ఆగితే సేటు మొదట పిలిచేది నన్నే. అట్లా చూస్తూ చూస్తూ కొంత వచ్చింది.

పూల్ అంటే ఏమిటో నాకు అర్థమైన తీరులో చెప్తాను. నాలుగు ట్రాక్టర్ల వడ్లు తెచ్చి కళ్ళంలో ఒకే కుప్ప పోశారనుకోండి. తర్వాత ఏ గింజ ఏ ట్రాక్టర్‌లో వచ్చిందో చెప్పలేం. కుప్పలోంచి మనకు కావలసినంత కొలిచి వేరే బస్తాలు కట్టుకుంటాం. విండోస్ సర్వర్‌లో స్టోరేజ్ స్పేసెస్ చేసేది ఇదే. నాలుగు డిస్కులు కలిపి ఒక పూల్, ఆ పూల్‌లోంచి కొలిచి తీసింది వర్చువల్ డిస్కు, దాని మీద మనకు కనబడేది ఈ-డ్రైవ్. డిస్కుల్లో ఒకదాన్ని పీకి ఇంకో కంప్యూటర్‌కు పెట్టి ఫైళ్ళు చూసుకుందామంటే కుదరదు, అందులో ఉన్నది కుప్పలో నాలుగో వంతు గింజలు. అదే కారణంగా పూల్ తీసేస్తే ఒక ఫోల్డర్ పోవడం కాదు, కుప్పకు కుప్ప పోతుంది. రీసైకిల్ బిన్‌లోకి కూడా రాదు.

మా పాత సర్వర్ విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద నడిచేది. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2023 అక్టోబర్ 10తో అయిపోయింది. కొత్త మిషన్ కొన్నాం, పాత నాలుగు డిస్కులూ అందులోకే మార్పించాం. వాటి పక్కనే కొత్తగా రెండు 4 టీబీ డిస్కులతో మిర్రర్ పెట్టించాం, అంటే ఏది రాసినా రెండింట్లోనూ పడుతుంది, అది డి-డ్రైవ్. అన్నీ మెల్లగా కొత్త దాంట్లోకి జరుపుదాం అనుకున్నాం. రోజూ వాడేవి జరిపాం, మిగతావి అనుకోవడం దగ్గరే ఆగాయి. మొన్న దీపావళి దాటాక పాత డిస్కుల్లో ఒకదాని పక్కన పసుపు గుర్తు, "ప్రెడిక్టివ్ ఫెయిల్యూర్" అని. అంటే ఇంకా చావలేదు, చస్తానని ముందే చెప్తున్నది.

వెంటనే ఫోన్ చేశాను. నవంబర్, వానాకాలం వడ్లు దిగుతున్నాయి, మిల్లు ముందు ట్రాక్టర్ల లైను రోడ్డెక్కింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న డిస్కు గురించి కాదు. "అక్కా, మీకు సీజన్ ఎప్పుడు అయిపోతది?" సంక్రాంతి దాటితే కొంచెం తెరిపి అన్నాను. "గయితే ఫిబ్రవరిల పెట్టుకుందాం. అప్పటిదాంక ముఖ్యమైనవి బయట డిస్కులకు రోజూ కాపీ కొట్టుండ్రి" అన్నాడు. కాపీ ఎట్లా పెట్టాలో ఫోన్‌లోనే చెప్పి చేయించాడు, దానికి పైసా తీసుకోలేదు. నాకు అప్పుడే మనిషి మీద నమ్మకం కుదిరింది. పని వద్దనే సర్వీసు వాళ్ళని నేను ఎక్కువ మందిని చూడలేదు.

ఎందుకు అంత గురి అంటే, ఒకసారి చేతులు కాలాయి. కొన్నేళ్ళ కిందట వేరే సర్వీసు వాళ్ళని పిలిచాం, పేరు అనవసరం. ఇట్లాంటిదే, పాత డిస్కులు ఖాళీ చేసే పని. నలభై నిమిషాల్లో ముగించి "అంతా కాపీ అయింది మేడం" అని చెప్పి వెళ్ళారు. కాపీ అయిన మాట నిజమే. కానీ కాపీ తీసింది నెల 3న, పాతది తీసేసింది 14న. నడుమ పదకొండు రోజుల కాంటా ఎంట్రీలు పాత దాంట్లోనే పడుతూ ఉన్నాయి, దాంతోపాటే పోయాయి. కార్బన్ రసీదు పుస్తకాలు ముందేసుకుని ఇద్దరు పిల్లలు, నేను నాలుగు రాత్రులు కూర్చుని మళ్ళీ ఎక్కించాం. పచ్చ రసీదు మీద ఆరు ఉందో సున్నా ఉందో ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూడటం ఎట్లా ఉంటుందో, అది చేసిన వాళ్ళకే తెలుసు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం వచ్చాడు. రెండు గంటలు లేటు. రాగానే సర్వర్ ముట్టుకోలేదు. తెల్ల కాగితం అడిగాడు, అడ్డంగా మడిచి గీతలు గీశాడు.

"ఈ-డ్రైవ్ ఎవరెవరు వాడతరు?"

"ఎవరూ వాడరు, అన్నీ డి-డ్రైవ్‌లోకి మార్చినం."

నవ్వాడు. "అందరూ గదే అంటరక్కా."

అప్పటినుంచి ఒక్కో కంప్యూటర్ దగ్గరికి పోయి కూర్చున్నాడు. నాది, బిల్లింగ్ అమ్మాయిది, గోడౌన్ స్టాకు రాసే అతనిది, సేటు గదిలోది, కాంటా గదిలోది. ఏ డ్రైవ్‌లు మ్యాప్ అయి ఉన్నాయి, డెస్క్‌టాప్ మీద ఏ షార్ట్‌కట్ ఎటు పోతోంది, మా లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో డేటా దారి ఏముంది. తర్వాత సర్వర్‌లో షేర్లు, అంటే మిగతా కంప్యూటర్లకు తెరిచిపెట్టిన ఫోల్డర్లు ఎన్ని, ఇప్పుడు ఏ ఫైళ్ళు తెరిచి ఉన్నాయి, టాస్క్ షెడ్యూలర్‌లో రాత్రిపూట నడిచేవి ఏమున్నాయి, మెమరీ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజ్ ఫైల్ ఆ డ్రైవ్ మీద ఉందా లేదా. ప్రతిదీ కాగితం మీద రాశాడు. సేటు గదిలోని కంప్యూటర్‌లో ఒక ఎక్సెల్ షీట్ ఈ-డ్రైవ్ నుంచే తెరుచుకుంటోందని తేలింది. అది సేటు చీటీల లెక్క. ఇద్దరం చూడనట్టు ఊరుకున్నాం.

డిస్కుల సీరియల్ నంబర్లు తెర మీద తెప్పించి, ఒక్కోదాని చివరి నాలుగు అంకెలు మాస్కింగ్ టేపు ముక్కల మీద రాసి, ఆ డిస్కు పెట్టిన అర ముందు అతికించాడు. ఆరు డిస్కులు, ఆరు టేపు ముక్కలు. పాతవాటికి ఎర్ర స్కెచ్‌పెన్నుతో, కొత్తవాటికి నీలంతో. "డిస్కు 1, డిస్కు 2 అని తెర మీద ఉన్న నంబర్లు నమ్మొద్దు, రీస్టార్ట్ అయితే మారొచ్చు. సీరియల్ నంబర్ మారదు" అన్నాడు. ఆ టేపులు ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి.

తర్వాత ఈ-డ్రైవ్ మొత్తం డి-డ్రైవ్‌లోకి కాపీ. రోబోకాపీ అనే దానితో చేశాడు, విండోస్‌లోనే ఉంటుందట. పదకొండుకి మొదలైతే సాయంత్రం అయిదున్నర పట్టింది. మధ్యలో అన్నం తినమంటే "టిఫిన్ తెచ్చుకున్న" అని డబ్బా తీశాడు, జొన్న రొట్టె, పచ్చిపులుసు. పులుసు సర్వర్ గదిలో వద్దని నేనే బయటికి పంపాను.

కాపీ అయ్యాక చివర్లో ఒక పట్టిక వస్తుంది. మొత్తం ఎన్ని, కాపీ అయినవి ఎన్ని, వదిలేసినవి ఎన్ని, ఫెయిల్ అయినవి ఎన్ని అని వరసగా అంకెలు. మొత్తం నాలుగు లక్షల పైచిలుకు ఫైళ్ళు. ఫెయిల్ దగ్గర 212. నా చేతిలో అయితే నాలుగు లక్షల్లో రెండు వందలా అని వదిలేసేదాన్నేమో. ఆయన లాగ్ ఫైల్ తెరిచి ఆ 212 ఎక్కడివో చూశాడు. అన్నీ ఒకే ఫోల్డర్. నాతోపాటు లెక్కలు చూసిన పెద్దాయన ఫోల్డర్, ఆయన రిటైరై వెళ్ళేటప్పుడు అందులోని ఫైళ్ళు తన లాగిన్‌కు తప్ప ఎవరికీ తెరుచుకోకుండా పెట్టుకున్నాడు. అడ్మిన్‌కు కూడా "యాక్సెస్ డినైడ్". అందులో ఏముంది? 2018-19, 2019-20 టాలీ డేటా.

ఇక్కడ నాకు చెమట పట్టింది. జీఎస్టీ చట్టం 36వ సెక్షన్ ప్రకారం లెక్కల పుస్తకాలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. అప్పీలో విచారణో నడుస్తుంటే అది తేలాక ఇంకో ఏడాది కూడా చూసుకోవాలి. మాకు ఒక పాత నోటీసు ఇంకా తేలలేదు. ఆ నోటీసు ఉన్న ఏడాది డేటా, చస్తానంటున్న డిస్కు ఉన్న కుప్పలో, నేను ఎవరూ వాడరని చెప్పిన డ్రైవ్‌లో.

బ్యాకప్ మోడ్ అనే పద్ధతిలో ఆ ఒక్క ఫోల్డర్‌కు మళ్ళీ కాపీ నడిపాడు. ఈసారి ఫెయిల్ దగ్గర సున్నా. నేను ఆ సున్నాని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను.

ఇప్పుడు డిలీట్ చేస్తాడనుకున్నాను. చేయలేదు. వర్చువల్ డిస్కు మీద కుడి బటన్ నొక్కి "డిటాచ్" కొట్టాడు. ఈ-డ్రైవ్ మాయమైంది, కానీ డేటా అంతా లోపల ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మళ్ళీ "అటాచ్" కొడితే వచ్చేస్తుంది. అది నాతో రెండుసార్లు చేయించి, తెలుగులో కాగితం మీద రాయించి, గోడకు అంటించాడు.

"ఇట్ల వారం ఉండనిద్దాం. ఎవరు మొత్తుకుంటరో చూద్దాం" అని నల్లగొండ రైలెక్కాడు.

నాకు డబ్బు దండగ అనిపించిందా అంటే, ఆ సాయంత్రం కొంచెం అనిపించింది. సేటుకైతే గట్టిగానే అనిపించింది. "తీసేయడానికి పిలిస్తే దాచిపెట్టి పోయిండు" అన్నాడు.

ఆ రాత్రే ఒకటీ పదికి ఫోన్. కాంటా కుర్రాడు.

"అక్కా, కాంటా పట్టుకోపోయింది. తవుడు లారీ పైన్నే ఉన్నది, డ్రైవర్ లొల్లి చేస్తుండు."

మా కాంటా ఎట్లా పని చేస్తుందో చెప్పాలి, లేకపోతే ఇది అర్థం కాదు. ఖాళీ లారీ ఎక్కితే ఒక తూకం, లోడై వచ్చాక ఇంకో తూకం. రెండుసార్లూ ముందు కెమెరా, వెనక కెమెరా చెరొక ఫోటో తీస్తాయి. అంటే లారీకి నాలుగు ఫోటోలు. తూకం అంకెలు డి-డ్రైవ్‌లోకి పోయేట్టు అప్పుడెప్పుడో మార్పించాం, అది నిజం. కానీ ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో రెండో పేజీ ఒకటి ఉంది. ఫోటోలు ఎక్కడ దాచాలో అక్కడ రాసి ఉంటుంది. దాన్ని ఎవరూ తిరగేయలేదు. ఫోటో దాచే చోటు దొరక్క సాఫ్ట్‌వేర్ అట్లాగే నిలబడిపోయింది, రసీదు ప్రింట్ కాలేదు.

పగలు ఆయన తెరిచి ఉన్న ఫైళ్ళ జాబితా చూసినప్పుడు ఇది ఎందుకు కనబడలేదంటే, ఫోటో రాసే పని ఒక్క క్షణం. ఆ క్షణంలో చూస్తే తప్ప జాబితాలో ఉండదు. ఆదివారం పగలు కాంటా మీద లారీ లేదు. కాంటా పేరుతో షేర్ ఉందని చూశాడు, నన్ను అడిగాడు కూడా. "అది పాతదే, వాడటం లేదు" అని చెప్పింది నేనే.

గోడ మీద అంటించిన కాగితం నా ఫోన్‌లోనూ ఉంది. ఇంట్లోంచే లాప్‌టాప్‌లో సర్వర్‌లోకి వెళ్ళి అటాచ్ కొట్టాను. ఒకటీ ఇరవైకి కుర్రాడు, "వచ్చిందక్కా, రసీదు వచ్చింది" అన్నాడు. వెనక డ్రైవర్ హారన్ వినబడుతూనే ఉంది.

పొద్దున నల్లగొండకు ఫోన్ చేసి నాలుగు మాటలు అందామనుకున్నాను. ఆయన సంతోషంగా ఉన్నాడు. "చూసినవా అక్కా, దొరికింది!" ఏదో చేప పడ్డట్టు. నాకు కోపం రావాలో నవ్వాలో తెలియలేదు. పదకొండు గంటలకల్లా ఫోన్‌లోనే చెప్పి ఫోటోల దారి డి-డ్రైవ్‌కు మార్పించాడు, ఒక లారీ ఎక్కించి ఫోటో కొత్త చోట పడిందని చూశాక మళ్ళీ డిటాచ్ చేయించాడు. నేరుగా డిలీట్ కొట్టి ఉంటే ఆ రాత్రి నేను ఏం అటాచ్ చేసేదాన్ని? ఆ వారమంతా ఈ ఆలోచన నన్ను వదల్లేదు. దండగ అన్న సేటు కూడా తర్వాత ఆ మాట ఎత్తలేదు.

మిగిలిన రోజులు ఎవరూ మొత్తుకోలేదు. సేటు చీటీల షీట్ కొత్త చోటు నుంచి తెరుచుకుంటోంది.

శనివారం రెండోసారి వచ్చాడు. అటాచ్ చేసి, రోబోకాపీనే మళ్ళీ నడిపాడు, ఈసారి కాపీ చేయకుండా తేడాలు మాత్రం చూపించమని. ఆదివారం కాపీ తర్వాత పాత దాంట్లో కొత్తగా పడ్డ ఫైళ్ళు 36 అని వచ్చింది. నేను కాంటా రసీదు పుస్తకం తెచ్చాను. ఆ రాత్రి ఒకటీ ఇరవై నుంచి పొద్దున పదకొండు దాకా పూర్తి చేసిన లారీలు తొమ్మిది. తొమ్మిది నాలుగులు ముప్ఫై ఆరు. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో బ్యాలెన్స్ షీట్ కలిసినప్పుడు కూడా నాకు అంత ఆనందం కలగలేదు. ఆ 36 కూడా జరిపాడు. పదకొండు రోజుల ఎంట్రీలు పోయిన కథ ఆయనకు అప్పుడు చెప్పాను. "ఆఖరి తేడా చూడకపోతే గట్లనే అయితది" అన్నాడు, అంతే, ఆ సర్వీసు వాళ్ళని ఒక్క మాట అనలేదు.

ఫైళ్ళ సంఖ్య కలిస్తే చాలదట. ముఖ్యమైన ఫోల్డర్లకు రెండు వైపులా హాష్, అంటే ఫైల్ లోపల ఉన్నదాన్ని బట్టి వచ్చే ఒక పొడుగు నంబరు, తీసి పోల్చాడు. ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా ఆ పొడుగు నంబరు పూర్తిగా మారిపోతుంది. అదీ చాలదని నన్ను కూర్చోబెట్టి 2018-19 టాలీ తెరవమన్నాడు. అది పాత టాలీ ఈఆర్పీ 9 డేటా, నా దగ్గర ఉన్నది దాని తర్వాత వచ్చిన టాలీ ప్రైమ్. తెరవగానే డేటాను కొత్త రూపానికి మార్చాలా అని అడిగింది. నేను సరే కొట్టబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. డేటాకు ఇంకో కాపీ తీసి, ఆ కాపీ మీద కొట్టించాడు. అసలుది ముట్టుకోకుండా ఉంటుందని. మార్చి 31 నాటి క్లోజింగ్ స్టాకు, బియ్యం, నూకలు, తవుడు, మూడూ నా పాత ఫైలులో ఆడిటర్ సంతకం ఉన్న కాగితంతో కలిపి చూసుకున్నాను. కలిశాయి.

మళ్ళీ డిటాచ్. సోమవారం వస్తానన్నాడు.

ఈ మధ్యలో నేను ఒక తెలివితక్కువ ప్రశ్న అడిగాను. కొత్త దాంట్లో మిర్రర్ ఉంది కదా, ఇక బయట డిస్కు కాపీ ఎందుకని. టేబుల్ మీద రసీదు పుస్తకం ఉంటే తీసి చూపించాడు. "కార్బన్ పెట్టి రాస్తే పైన తప్పు పడితే కింద కూడా తప్పే పడతది గద? మిర్రర్ గంతే. ఒక డిస్కు పోతే ఇంకోటి కాపాడతది. నువ్వు డిలీట్ కొడితే రెండింట్లా పోతది." పందొమ్మిదేళ్ళుగా కార్బన్ రసీదులు చూస్తున్నదాన్ని, నాకు ఎవరూ ఇట్లా చెప్పలేదు.

సోమవారం అసలు పని. ఆరు నిమిషాలు పట్టింది, గడియారం చూశాను.

ముందు పూల్‌లో ఉన్న వర్చువల్ డిస్కులు ఎన్నో చూశాడు, ఒకటే. దాని పేరు, సైజు నాతో పైకి చదివించాడు. కాగితం మీద మొదటి రోజు రాసినదానితో కలుస్తోందా అని అడిగాడు. తర్వాత వర్చువల్ డిస్కు తీశాడు. అది ఉండగా పూల్ తీయనివ్వదట, క్రమం అదే, ముందు బస్తా, తర్వాత కుప్ప. పూల్ తీసేముందు పవర్‌షెల్ అనే కమాండ్లు టైపు చేసే విండోలో, తీసే కమాండ్‌కు "వాట్ ఇఫ్" అని చేర్చి ఒకసారి కొట్టాడు. అది నిజంగా ఏమీ చేయదు, చేస్తే ఏది పోతుందో చెప్పి ఆగుతుంది. అక్కడ వచ్చిన పేరు కూడా నాతో చదివించాడు. అప్పుడు అసలు కమాండ్. నిజంగానా అని అది ఇంకోసారి అడిగింది. నా వైపు చూశాడు. నేను తల ఊపితే కుదరదన్నాడు, "నోటితోని చెప్పక్కా" అన్నాడు. "తీసెయ్" అన్నాను.

పాత నాలుగు డిస్కులూ "ప్రిమోర్డియల్" అనే చోటికి వెళ్ళాయి. ఎవరికీ చెందని డిస్కులు విండోస్‌లో ఉండే చోటు అది. పెద్ద మాట, సృష్టికి ముందు అన్నట్టు ఉంది. సర్వర్ ఆపి, ఎర్ర టేపులున్న నాలుగూ లాగాడు. ఒక్కో డిస్కు మీది లేబుల్ నంబరు టేపుతో కలిపి చూసి మరీ లాగాడు.

పూల్ తీసినంత మాత్రాన డిస్కుల మీది గింజలు పోవు, కుప్ప లెక్క రాసిన పుస్తకం పోతుంది, అంతే. తెలిసినవాడి చేతిలో పడితే ఏరుకోవచ్చు. మా పాత డ్రైవ్‌లో సన్నాలు నేరుగా తెచ్చిన రైతుల ఆధార్ కాపీలు, బ్యాంకు పాసు పుస్తకాల మొదటి పేజీలు వందల కొద్దీ ఉన్నాయి. తుక్కు సామాన్ల వాడికి అట్లా ఇచ్చే ప్రశ్నే లేదు. వేరే ఏ ముఖ్యమైన డిస్కూ లేని పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి, ఒక్కో డిస్కు దానికి తగిలించి మొత్తం సున్నాలు రాయించాడు. ఒక్కోటి 2 టీబీ, ఒక్కోదానికి నాలుగైదు గంటలు. మా సర్వర్‌లోనే ఎందుకు చేయలేదంటే, ఆ తుడిచే కమాండ్ డిస్కును నంబరుతో ఎంచుకుంటుంది, సీరియల్‌తో కాదు. నిద్రమత్తులో 3కి బదులు 4 కొడితే కొత్తది పోతుంది. చస్తానన్న డిస్కు మాత్రం సగంలో మొండికేసింది. దాన్ని మా ఫిట్టర్‌కు ఇచ్చి, లోపలి పళ్ళేల గుండా డ్రిల్లింగ్ మిషన్‌తో నాలుగు రంధ్రాలు వేయించాం. ఫిట్టర్‌కు అది చాలా నచ్చిన పని.

మొత్తం మూడు రాకలకు, తుడిచే పనికి కలిపి 11,500. కాపీకి ఇంత, డిలీట్‌కు ఇంత అని విడివిడిగా రాయలేదు. అడిగితే "డిలీట్ ఫ్రీ అక్కా, మిగతాదానికే పైసలు" అన్నాడు.

ఇక ఫిర్యాదులు. ప్రతిసారీ లేటు. రైలు మీద పెడతాడు, గుంటూరు వైపు వెళ్ళే ప్యాసింజర్లకు కూడా అంత చెడ్డ పేరు లేదు. జీఎస్టీ బిల్లు కోసం పన్నెండు రోజులు తిరిగాను, లెక్కలు చూసే మనిషికి బిల్లు లేకుండా డబ్బు ఇవ్వడం ఎంత కష్టమో ఆయనకు అర్థం కాదు. ఫోన్‌లో మాట్లాడితే సర్వర్ ఫ్యాన్ చప్పుడును మించి వినబడుతుంది.

స్టార్ కోసింది మాత్రం వీటికి కాదు. పని అయిపోయిన మూడు రోజులకు, గురువారం, ఎందుకో బ్యాకప్ చూద్దామని సర్వర్ తెరిచాను. ఎర్ర గుర్తులు వరసగా. రాత్రి బ్యాకప్ జాబితాలో ఈ-డ్రైవ్ ఇంకా ఉంది. అది కనబడక డిటాచ్ చేసిన రాత్రి నుంచీ బ్యాకప్ పూర్తి కావడం లేదు. పదకొండు రాత్రులు! అన్ని కంప్యూటర్లూ తిరిగి, అన్ని సెట్టింగులూ కాగితం మీద రాసిన మనిషి, బ్యాకప్ జాబితాలోంచి పాత డ్రైవ్ తీయడం మర్చిపోయాడు. ఆ పదకొండు రోజుల్లో కొత్త మిర్రర్‌కు ఏదన్నా అయి ఉంటే మళ్ళీ కార్బన్ పుస్తకాలే. మళ్ళీ పదకొండే, చూడండి.

ఫోన్ చేస్తే రెండు క్షణాలు మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడం నేను చూసింది అదొక్కసారే. "నా తప్పే" అన్నాడు. అప్పటికప్పుడు జాబితా సరిచేయించి, బ్యాకప్ నడిపించి, అది పూర్తయ్యేదాకా లైనులోనే ఉన్నాడు. మర్నాడు అందులోంచి ఒక ఫోల్డర్ వెనక్కి తెప్పించి తెరిచి చూపించమన్నాడు. బిల్లులో వెయ్యి తగ్గించుకోమన్నాడు. తగ్గించాను. ఇప్పుడు పొద్దున రాగానే నేను మొదట చూసేది బ్యాకప్ గుర్తు, తర్వాతే చాయ్.

ఇట్లాంటి పనికి మీరు ఎవరిని పిలిచినా, రాగానే కీబోర్డు ముట్టుకున్నాడా, కాగితం అడిగాడా చూసుకోండి. బ్యాకప్ జాబితా సంగతి మాత్రం మీరే గుర్తు చేయండి.

మా పక్క మిల్లు వాళ్ళకూ ఇదే పని ఉందట, నన్ను అడిగి నంబరు తీసుకున్నారు. ఏప్రిల్‌లో రమ్మన్నారట. యాసంగి వడ్లు దిగుతాయి కదా, మే దాటనీయండి అన్నాడట. వాళ్ళు ఇంకొకరిని వెతుకుతున్నారు.